ఎనిమిదో మైలు దగ్గరి గోడ

డెట్రాయిట్‌లో చదువుకోవడానికి వచ్చిన కొత్తల్లో, ట్రాయ్‌లో మాకు బంధువయ్యే ఒక పెద్దాయన ఇంట్లో నాలుగు రోజులున్నాను. బియ్యం, పప్పులు కొనిపెట్టి, కారులో తిప్పి చూపిస్తూ ఒక హితవు చెప్పారు. “చూడు బాబూ, ఎనిమిదో మైలు రోడ్డు దాటితే జాగ్రత్త. బంగారంలాంటి ఊరిని అరవయ్యేడులో వాళ్ళే తగలబెట్టుకున్నారు.” అలాగేనండీ అన్నాను. నమ్మకపోవడానికి కారణమేదీ కనబడలేదు.

తరువాత ఐచ్ఛిక పాఠ్యాంశంగా ఈ నగరపు సాంఘిక చరిత్రను చదవడం తటస్థించింది. లేకుంటే ఆ హితవునే నేను మరొకరికి అందించి ఉండేవాణ్ణి.

బర్‌వుడ్ వీధి ఇళ్ళ వెనుక, ఎనిమిదో మైలు రోడ్డుకు దక్షిణాన, ఒక కాంక్రీటు గోడ ఉన్నది. అర మైలు పొడవు, ఆరడుగుల ఎత్తు. 1941లో ఒక గృహనిర్మాణ వ్యాపారి అక్కడ శ్వేతజాతీయులకు ఇళ్ళు కట్టదలచాడు. పక్కనే నల్లవారి పేట ఉన్నదన్న కారణంతో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ రుణాలకు హామీ నిరాకరించింది. గోడ లేచిన తరువాత ఇచ్చింది! ఆ గోడను చూసినప్పుడు నాకు తోచిన మొదటి సంగతి, అది ఎవరినీ ఆపలేదని. పదేళ్ళ పిల్లవాడు ఎక్కి దూకగలడు. రుణాల గుమాస్తాకు కనబడితే చాలు, దాని పని అయిపోయినట్లే. ఇప్పుడు ఆట మైదానం వైపు దానిమీద రంగురంగుల బొమ్మలు వేశారు.

1967 అల్లర్లలో 43 మంది చనిపోయారు. దానిని చిన్నది చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ క్షీణత అక్కడ మొదలైందనడం లెక్కలు చూడనివారి మాట. థామస్ సగ్రూ 1996లో వెలువరించిన గ్రంథం ప్రకారం, 1947కూ 1963కూ మధ్యనే నగరం 1,34,000 కర్మాగారపు ఉద్యోగాలను పోగొట్టుకున్నది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న జనాభా 1960 నాటికే పదహారు లక్షల డెబ్భై వేలకు దిగింది. నల్లవారి వ్యాపారాలకూ సంగీతానికీ నెలవైన హేస్టింగ్స్ వీధి మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. అంతకుముందు 1943 అల్లర్లలో చనిపోయిన 34 మందిలో 25 మంది నల్లవారే. ఆ ఏడాదిని మనవాళ్ళెవరూ తలవగా నేను వినలేదు.

మా ఊళ్ళో ఊరికీ వాడకీ నడుమ గోడ లేదు, పంట కాలువ ఉన్నది. చిన్నప్పుడు అటువైపు ఆడుకోవద్దని మా నాయనమ్మ చెప్పేది, ఇంచుమించు ఆ పెద్దాయన గొంతుతోనే. కనుక మనకు ఈ పాఠం కొత్తగా నేర్పనక్కరలేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపరచినది 1974 నాటి మిలికెన్ తీర్పు. నగరపు బడులనూ శివార్ల బడులనూ కలిపి పిల్లలను సర్దాలన్న కింది కోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు అయిదు–నాలుగు ఓట్లతో కొట్టివేసింది. శివారు హద్దు దాటితే సమస్య మరొకరిదైంది. ట్రాయ్, నోవైలలో ఇల్లు కొనేముందు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న స్కూళ్ళు ఎలా ఉన్నాయనే. అడగడం తప్పని నేననను; పిల్లలున్నవారు అడగక ఏం చేస్తారు? అయితే ఆ స్కూళ్ళ మంచితనంలో ఆ తీర్పుకు వాటా ఉన్నదని తెలిసి అడగవచ్చును. మన కష్టార్జితం అని మనం చెప్పుకునే చిరునామాకు ముందే ఎవరో సరిహద్దు గీసిపెట్టారు.

మొన్న దసరాకు వెళ్ళినప్పుడు ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పాను. ముప్ఫై ఏళ్ళు కార్ల పరిశ్రమలో పనిచేసినవారు. 1956లో ప్యాకార్డ్ కర్మాగారం మూతబడిన సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఓపికగా విన్నారు. చాలాసేపటికి, “సరే బాబూ, మరి నన్ను ఇల్లెక్కడ కొనమనేవాడివి?” అన్నారు.

అద్దెగదిలో ఉండే నా దగ్గర జవాబు లేకపోయింది. వచ్చే ఆదివారం గోడ చూపించమన్నారు. ఇద్దరం వెళుతున్నాము.