టీ అన్నా, చాయ్ అన్నా

మామిడి కోతల రోజుల్లో నూజివీడు రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర నిలబడితే ఒకే గిన్నెలో కాగేదానికి రెండు పేర్లు వినిపిస్తాయి. కాయ దింపి వచ్చిన కూలీ "బాబాయ్, ఒక టీ" అంటాడు. సరుకు కోసం ఉత్తరాది నుంచి వచ్చిన లారీ డ్రైవరు "ఏక్ చాయ్" అంటాడు. బడ్డీ ఆయన ఇద్దరికీ అదే గుడ్డలో వడగట్టి, నురగ వచ్చేలా పైనుంచి పోసి ఇస్తాడు.

ఆ రెండు పేర్లూ చైనావే. ఒకే అక్షరాన్ని అక్కడ చాలాచోట్ల 'చా' అని, ఫుజియాన్ తీరంలో 'తే' అని పలుకుతారు. 'చా' పారశీకంలో 'చాయ్' అయి హిందీ, ఉర్దూల్లోకి వచ్చింది. హైదరాబాదు ఇరానీ హోటళ్ల పుణ్యమా అని తెలంగాణలో అది ఇంటి మాటే అయిపోయింది. 'తే'ను డచ్చి వర్తకులు ఓడలెక్కించి ఐరోపాకు చేర్చారు. ఇంగ్లీషువాళ్ల నోట 'టీ' అయి మన కోస్తాకు వచ్చింది. ఆ డచ్చివాళ్లే 17వ శతాబ్దం మొదట్లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారంటే, ఆ మాట మన గుమ్మం ముందు నుంచే నడిచినట్టు నాకనిపిస్తుంది. అన్నట్టు, తేనీరులో ఉన్నది తేనె కాదు, ఆ తేయాకే.

మామిడి పేరుదీ ఓడ ప్రయాణమే. దక్షిణాది 'మాంగా'ను పోర్చుగీసువాళ్లు మోసుకెళ్తే, లోకానికి 'మ్యాంగో' అయింది. మనకు మాత్రం చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి అని విడివిడిగా పిలవందే తృప్తి ఉండదు.

ఈ వేసవి సంచిక నిండా తోటల కబుర్లే. రసం జుర్రుకుని, చేతులు కడుక్కుని, కాసేపాగి టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవండి.