హాజరు పట్టీలో లేని కుటుంబం

"మన మిల్లులో ఓనరూ కూలీ అనే తేడా లేదు. మనందరం ఒకే కుటుంబం." మా పశ్చిమ గోదావరి రైసుమిల్లుల్లో ఈ మాట వినని కూలీ ఉండడు. బట్టల కొట్లలో, రొయ్యల షెడ్లలో, ప్రైవేటు కాలేజీల్లో కూడా ఇదే పాట. నేనంటాను, ఇది అబద్ధం. డబ్బులు మిగిల్చే అబద్ధం.

మా అయ్య ఇరవై రెండేళ్ళు ఒకే మిల్లు ముఠాలో బస్తాలు మోశాడు. 75 కేజీల వడ్ల బస్తా. మాయమ్మ ఉడకబెట్టిన వడ్లు గచ్చు మీద ఎండబోసి, మండుటెండలో కాళ్ళతో తిరగదీసేది. ఆ ఉప్పుడు బియ్యం కేరళ పోయేవి. మా ఇంటికి నూకలొచ్చేవి. వాళ్ళ కొడుకుని నేను. మాదిగపల్లెలో మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోణ్ణి. 2014 డీఎస్సీలో గవర్నమెంటు టీచరునయ్యాను, సోషల్ చెప్తాను.

కుటుంబం అన్నారు గదా, వరసలు చూద్దాం. ఓనరుగారి పదేళ్ళ మనవడు మా అయ్యను "ఏరా" అనేవాడు. మా అయ్య ఆ పిల్లోణ్ణి "బాబుగారూ, తమరు" అనేవాడు. ఏ కుటుంబంలో పిల్లోడు తండ్రి వయసువాణ్ణి ఏరా అంటాడు? ఓనరుగారి అమ్మాయి పెళ్ళికి మా పల్లె పల్లెంతా పందిరి గుంజలు పాతింది, గుండిగలు తోమింది. బంతులన్నీ లేచాక మాకు షెడ్డు వెనక ఆకులేశారు. సొంత కుటుంబాన్ని షెడ్డు వెనక కూచోబెడతారా?

మరి మేం ఎప్పుడు కుటుంబం? అర్ధరాత్రి లారీ వచ్చినప్పుడు. "మనవాళ్ళే గదా, లేపుకురా" అని మేస్త్రీని పంపేవారు. పండక్కి కూలి పెంచమన్నప్పుడు. "ఇంట్లో వాళ్ళు ఇంట్లో బేరమాడతారా" అనేవారు. బస్తా జారి మా అయ్య నడుం పట్టేసినప్పుడు మందులకి ఐదొందలిచ్చారు. పెద్దమనసు అనుకున్నాం. తర్వాత చూస్తే అది చేబదులు కింద రాసుంది, వారం వారం కోసుకున్నారు.

లేబర్ ఆఫీసరు వచ్చిన రోజు మాత్రం లెక్క మారిపోయేది. "ముఠా వాళ్ళు మా మనుషులు కారండీ, మేస్త్రీ మనుషులు." ఆడవాళ్ళని గోడౌను వెనక నుంచి పంపేసేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటే అది ఫ్యాక్టరీ. మిల్లు పుస్తకంలో తొమ్మిది పేర్లే ఉండేవి. ఆ తొమ్మిదిలో ఇద్దరు ఓనరుగారి కోడళ్ళని గుమాస్తా ఓసారి మా అయ్యతో చెప్పాడు. మిల్లు గుమ్మం తొక్కని కోడళ్ళకి జీతం రాశారు. గచ్చు మీద కాళ్ళు బొబ్బలెక్కిన మాయమ్మ పేరు ఏ కాగితం మీదా లేదు. ఇదీ వాళ్ళ కుటుంబం.

ఆ కాగితం విలువెంతో లెక్క కడదాం. 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల కూలి రావాలి. బస్తా లెక్కన పనిచేసేవాడికి కూడా. ఇరవై రెండేళ్ళకి 330 రోజుల కూలి. మా అయ్య మానేసిన నాటికి రోజుకి 300 అనుకున్నా 99,000 రూపాయలు. ఆయన చేతికొచ్చింది ఒక పంచెల చాపు. కుటుంబం అనే మాట ఖరీదు మా ఒక్క ఇంటికే 99,000. పల్లెలో ఎన్ని ఇళ్ళున్నాయో మీరే లెక్కేసుకోండి.

తర్వాత చిన్న ఓనరు ఎంబీఏ చదివొచ్చాడు. కెమెరాలు పెట్టించాడు, పదకొండింటి టీ ఆపించాడు. పనివాళ్ళ ఉత్పాదకత తక్కువగా ఉందన్నాడు. నేను టీచర్ని, భాగహారం నాకు తెలుసు. ఉత్పాదకత అంటే చేసిన పనిని పట్టిన గంటలతో భాగించాలి. గంటలే రాయని చోట దేనితో భాగించాడు? కరెంటు పోయి మూడు గంటలు ఊరికే కూచున్నది ఎవరి సోమరితనం? పాత మిషను బెల్టు తెగితే బాగుచేసేదాకా ఆగిన కాలం ఎవరి ఖాతా? తడిసిన వడ్లు కొన్నదెవరు? ఆ నష్టాలన్నీ మా ఒళ్ళు బద్ధకంగా మారిపోయాయి.

ఇంకో సంగతి. మా అయ్య ఉన్నన్నాళ్ళూ మా పల్లె మనిషి ఒక్కడు మిషను గదిలో ఆపరేటరు కాలేదు, కాటా దగ్గర నిలబళ్ళేదు, గుమాస్తా కాలేదు. అవన్నీ "నమ్మకస్తుల" పనులు. నమ్మకస్తులంతా ఒకే కులం నుంచి, ఒకే చుట్టరికం నుంచి ఎలా పుడతారు? ఇది ఒక్క మా మిల్లు కథా కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువొచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్ళని రానిచ్చేవారు కాదు. దారాన్ని నోటి తడితో అందుకోవాలి, ఎంగిలి అంటుతుందని. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్నే ఎత్తాడు.

పెద్ద కంపెనీల్లో ఇది పోయిందనుకునే తమ్ముళ్ళున్నారు. 2007లో సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి రాశారు. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్నవాళ్ళే అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. 2012లో అచ్చయిన మరో అధ్యయనం వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులు చూసింది. డైరెక్టర్లలో నూటికి దాదాపు 93 మంది అగ్రకులాలవాళ్ళు. దళితులూ ఆదివాసులూ కలిసి మూడున్నర. మిల్లు గుమ్మం దగ్గరా, అద్దాల మేడ గుమ్మం దగ్గరా అడిగే ప్రశ్న ఒకటే: నువ్వు ఎవరి బిడ్డవి?

అసలు ఈ కుటుంబ వ్యాపారాలకి పెట్టుబడి ఎక్కణ్ణించొచ్చింది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీళ్ళు పారిన భూమి ఎవరి చేతుల్లో ఉందో వడ్లు వాళ్ళవయ్యాయి. వడ్లలో మిగిలింది మిల్లయింది. మిల్లులో మిగిలింది సినిమా హాలయింది, నర్సింగ్ హోమయింది, ఇంజినీరింగ్ కాలేజీ అయింది. ఆ భూమిలో పాలేరుతనం చేసింది మా తాత. చెమట తరతరాలుగా మాది, వారసత్వం వాళ్ళ కొడుకులది.

మాకు కుటుంబం ఉంది, ఇంకోటి అరువు అక్కర్లేదు. మాకు కావాల్సింది చట్టం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది అంబేడ్కరే. 1946లో ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గింది. గంటలు లెక్కపెట్టడమే కూలివాడికి మొదటి గౌరవం. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. పనివాడికి నియామక పత్రం ఇవ్వాలని వాటిల్లో ఉంది. కానీ కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావాల్సిన లెక్కని పది నుంచి ఇరవైకి పెంచింది కూడా అవే. తొమ్మిది దగ్గర ఆగిన కలాలు ఇక పందొమ్మిది దాకా తాపీగా రాసుకుంటాయి.

అందుకే చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సభల్లో మాట్లాడండి, మంచిదే. దానికి ముందు మీ అమ్మా అయ్యా పనిచేసే చోటికెళ్ళండి. నియామక పత్రం ఏదని అడగండి. కూలి చీటీ అడగండి. రాత్రి పనికి రెట్టింపు కూలి అడగండి. మిషను గది తలుపు తియ్యమని అడగండి. "ఇన్నాళ్ళూ కుటుంబంలా చూశాం, ఇదా విశ్వాసం" అంటారు. విశ్వాసం కుక్కలకి చెప్పుకోమనండి. మేం పనిచేశాం, లెక్క తేల్చండి.