పార్టీ గడిలో ఏం రాయాలి?
వికీపీడియాలో ఎమ్మెల్యే పేజీ తెరిస్తే, పక్కన పెట్టెలో 'రాజకీయ పార్టీ' అని ఓ గడి ఉంటుంది. పక్షపాతం పేచీ మొదలయ్యేది అక్కడే. మన భద్రాచలమే చూడండి. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని 10 స్థానాల్లో బీఆర్ఎస్‌కు దక్కింది ఇదొక్కటే. గెలిచింది తెల్లం వెంకటరావు. 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెస్‌లో చేరారని పత్రికలు రాశాయి. అనర్హత పిటిషన్ పడింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి 2025 డిసెంబర్‌లో స్పీకర్ పిటిషన్ కొట్టేశారు. ఇంత కథ ఒక్క మాటలో ఎలా ఇముడుతుంది? ఏ పేరు రాసినా ఎవరో ఒకరికి అన్యాయమే. బతికున్న మనిషి గురించి ఆధారం లేని మాట ఉంచకూడదన్నది వికీపీడియా సొంత నియమం. అందుకే ఆ గడిని ఖాళీగా వదలండి. ఏ తేదీన ఏం జరిగిందో కింద వరసగా, ఆధారంతో సహా రాయండి. చర్లలోనో దుమ్ముగూడెంలోనో సిగ్నల్ అందిన చెట్టు కింద నిలబడి తన ఎమ్మెల్యే గురించి ఫోన్లో వెతికే కుర్రాడికి ఆ వరసే కావాలి.