సంసారాలు కూల్చేది కథలు కావు



గత సంచికలో పెళ్ళిళ్ళ మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నేటి రచయిత్రులు దాంపత్యాన్ని నరకంగా చూపి ఆడపిల్లల మనసు విరిచేస్తున్నారని వ్యాసకర్త బాధపడ్డారు. అందుకు పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథను ఉదాహరణగా చూపడం అన్యాయం. అందులో భర్త రాక్షసుడేమీ కాదు. ఇల్లు అద్దంలా ఉంటుంది. ఆ అలుకుడులో పడి ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. పనిమనిషికి అమ్మగారు, పిల్లలకి అమ్మ, భర్తకి ఏమోయ్. పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే గానీ ఆమెకి ప్రాణం లేచిరాదు. ఆ తర్వాత ఎక్కడికీ పారిపోదు. ఇంటికే వచ్చి, ఇకనుంచి నన్ను పేరు పెట్టి పిలవమని మొగుడితో చెబుతుంది. ఇందులో సంసారం కూలిందెక్కడ?

దాంపత్యం మీద భ్రమ కావాలంటే యద్దనపూడి గారి నవల 'సెక్రటరీ' ఉంది. మా తరం పోటీలు పడి చదివింది, ఆ ఆనందాన్ని నేను కాదనను. అభిమానాలు, అపార్థాలు దాటి నాయికా నాయకులు ఒకటవుతారు. మర్నాడు పొద్దున్న కాఫీ ఎవరు కలపాలో మాత్రం ఆ నవల చెప్పదు. ఓల్గా గారి నవల 'స్వేచ్ఛ' (1987) చెబుతుంది. పుట్టింటి ఆంక్షలు తప్పుతాయని ప్రేమించినవాణ్ణే పెళ్ళాడిన అరుణకి అత్తింట్లోనూ అవే ఆంక్షలు ఎదురవుతాయి. వ్యాసకర్త దీని ఊసే ఎత్తలేదు.

మా అమ్మాయి పెళ్ళికి ముందు 'ఇల్లలకగానే...', 'స్వేచ్ఛ' రెండూ దగ్గరుండి చదివించాను. దాని మనసేమీ విరగలేదు. ఉద్యోగం సంగతీ, వంటపని సంగతీ అబ్బాయితో ముందే మాట్లాడుకుని ఇష్టంగానే పెళ్ళి చేసుకుంది.

- ఒక పాఠకురాలు, తెనాలి