మణికట్టు మీద గడ్డ: ఏ ఆపరేషన్ మేలు?

మణికట్టు వెనుక రేగుపండంత గడ్డ లేస్తే ఇంటిల్లిపాదీ క్యాన్సరేమోనని దిగులు పడతారు. చాలావరకు అది గ్యాంగ్లియన్. అంటే కీలులో నుండి సన్నని కాడతో పైకి పొంగిన, జిగురు నీరు నిండిన తిత్తి. అది క్యాన్సర్ కాదు. అయినా ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి.

పూర్వం పాశ్చాత్య దేశాల్లో దీనిని బరువైన బైబిలుతో కొట్టి చితకగొట్టేవారు. అందుకే "బైబిల్ గడ్డ" అన్న పేరు వచ్చింది. పరిశుద్ధ గ్రంథం చదువుకోవడానికే గాని కొట్టడానికి కాదు. అలా కొడితే చేతికి దెబ్బ తగులుతుంది, గడ్డ మళ్లీ వస్తుంది.

నొప్పి లేకపోతే ఊరుకోవచ్చు. సుమారు సగం గడ్డలు వాటంతటవే పోతాయి. సూదితో నీరు తీయిస్తే కాడ లోపలే ఉంటుంది గనుక సగానికి పైగా తిరిగి వస్తాయి.

నొప్పి వలన పని సాగకపోతే ఆపరేషన్ రెండు విధాలు. మొదటిది, చర్మం కోసి తిత్తిని కాడతో సహా తీయడం. మచ్చ ఉంటుంది. రెండవది, చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి కాడను తొలగించడం. మచ్చ చిన్నది, కాని పరికరాలూ అనుభవమూ కావాలి. రెండింటినీ నేరుగా పోల్చి చూస్తే, ఏడాది తరువాత గడ్డ తిరిగి రావడంలో పెద్ద తేడా కనబడలేదు. గనుక కెమెరా కోసమే అప్పు చేయవద్దని మేము మనవి చేస్తున్నాము.

నాడి చూసే చోట గడ్డ ఉంటే పక్కనే రక్తనాళం ఉంటుంది. చేతి ఆపరేషన్లలో అనుభవమున్న వారినే ఆశ్రయించండి. తరువాత కొన్ని వారాలు బరువు పని కూడదు. నాట్లు, కోతలు లేని నెల చూసుకోండి.