చెవి కోసుకునే ముందు

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "కంప్యూటరు గేముల గురించి రాస్తే వేస్తారా?" అన్నాను. నవ్వారు. "రాయి, చూద్దాం" అన్నారు. లెక్చరర్లలో కొందరు ఇక్కడే పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగమని మనవి. గేముల గొప్ప చెప్పడానికి రాస్తున్నది కాదిది. చెవుల గురించి రాస్తున్నాను.

మన హాస్టల్లో హెడ్‌ఫోనులంటే చెవి కోసుకునేవాళ్ళు చాలామందే వున్నారు. మెస్సులో పప్పు నీళ్ళలా వున్నదన్న మాట తర్వాత ఎక్కువగా వినపడే చర్చ ఇదే. ఎవడు ఏ కంపెనీది కొన్నాడు, ఎంత పెట్టాడు, ఎంత దద్దరిల్లుతుంది! ఈ మూడో ప్రశ్న దగ్గరే నాకు పేచీ.

డిగ్రీ మొదటి సంవత్సరంలో రెండున్నర వేలు పెట్టి నేనూ ఒక గేమింగ్ హెడ్‌సెట్టు కొన్నాను. కంపెనీ పేరెందుకు గానీ, ఎర్ర లైట్లు, నీలం లైట్లు, డబ్బా మీద 7.1 అని బారెడు అక్షరాలు. రాత్రి పదింటికి పెట్టుకుంటే మూడింటికి తీసేవాణ్ణి. తోలులాంటి దాని మెత్తలు చెమటకు నాని ఆరు నెలల్లో పెచ్చులూడాయి. పొద్దున లేచేసరికి మెడ మీద నల్లటి పొట్టు. అది కూడా సహించవచ్చు. అసలు బాధ ఏమిటంటే, అందులో బాంబుల మోత తప్ప మరొకటి తేటగా వినపడేది కాదు. శత్రువు అడుగుల చప్పుడు పట్టుకోవాలంటే వాల్యూము పూర్తిగా పెంచాల్సిందే. పెంచితే బాంబు చెవిలోనే పేలేది. ఒక తెల్లవారుజామున హెడ్‌సెట్టు తీసి పక్కన పెట్టాను; చెవిలో గుయ్యిమనే మోత మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం మెకానిక్స్ క్లాసులో కూర్చున్నా అదే మోత.

ఆ వారమే ఇంటికి పోయాను. బాపు టీవీ ముందు కూర్చున్నాడు. ఆ టీవీ వాడకట్టంతా వినపడుతున్నది. ఇరవై అయిదేండ్లు ట్రాక్టరు మీదా, వడ్ల మిషను పక్కనా గడిపిన మనిషి. మేం పిలిస్తే పలకడని అవ్వ కోపగించుకునేది. నిజానికి ఆయనకు మా పిలుపు అందడం లేదు. కరీంనగర్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బాపును పరీక్ష చేసి, కాగితం మీద గీత చూపించాడు. దాదాపు చదునుగా వస్తున్న గీత 4,000 హెర్ట్‌జ్ దగ్గర గుంతలో పడ్డట్టు దిగిపోయింది. మోతకు దెబ్బతిన్న చెవిలో గీత సాధారణంగా ఆ చుట్టుపక్కలే కుంగుతుందట. లోపలి చెవిలో వుండే కేశకణాలు ఒకసారి చచ్చాక మళ్ళీ మొలవవు. నారు చచ్చిన చోట ఇంకో నారు నాటుకోవచ్చు, వీటికి ఆ వీలు లేదు. నా సంగతి చెప్తే నా చెవులు కూడా చూశాడు. బాగానే వున్నాయన్నాడు. "ఇప్పటికి" అని ఒక మాట కలిపాడు.

ఆ తర్వాత నేను లెక్కలు చూడటం మొదలుపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇది: పెద్దవాళ్ళు 80 డెసిబెల్ చప్పుడును వారానికి 40 గంటలు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌లకు సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు. 90 దాకా పోతే వారానికి నాలుగు గంటలే. 100 దగ్గర వారమంతటికీ కలిపి పాతిక నిమిషాలు కూడా రావు. పెండ్లి బరాత్‌లో డీజే డబ్బాల ముందు గంటసేపు చిందులేసిన వాడు ఆ వారం బడ్జెట్టు అక్కడే ఖర్చు పెట్టి వస్తున్నాడన్నమాట. ఇక రాత్రికి గేములో అప్పు చేస్తాడు. ఈ బెడద మన ఒక్కరిదే కాదు. గేములు, ఇ-స్పోర్ట్స్ ఆడేవాళ్ళ చెవుల కోసం 2025లో ఆ సంస్థా, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియనూ కలిసి ప్రత్యేకంగా ఒక ప్రమాణమే తయారుచేశాయి.

"ఆడటం మానేస్తే సరి గదా?" అని పెద్దలు అంటారు. అనవచ్చు. కానీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. అంతకుముందు 2018లో జకార్తాలో ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన దేశపు ఆటగాడు తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆటగా గుర్తించింది. నేనేమీ పతకం తేబోవడం లేదు. ఆడేవాళ్ళు ఎట్లాగూ ఆడతారు, చెవులు దక్కించుకుని ఆడే దారి చూడాలంటున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఖరీదైన హెడ్‌ఫోనుకు పైసలు పెట్టడం తప్పేమీ కాదు. కానీ పెద్దగా మోగుతుందని పెడితే శుద్ధ దండగ. తక్కువ వాల్యూములో చిన్న చప్పుడు కూడా విడిగా, తేటగా వినపడటానికీ, నాలుగు గంటలైనా తల మీద ఒకటి వున్నదని గుర్తు రాకపోవడానికీ పెట్టాలి.

ముందు ఆ 7.1 సంగతి. మనకున్నవి రెండే చెవులు. కుడివైపు నుంచి వచ్చిన చప్పుడు ఎడమ చెవికి చేరేసరికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యమవుతుంది. కొంత బలం కూడా తగ్గుతుంది. దిక్కు పోల్చుకోవడానికి మెదడుకు ఈ రెండూ ముఖ్యమైన గుర్తులని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందా, వెనకా, పైనా అన్నది మన చెవి డొప్ప వంపులను బట్టి తెలుస్తుంది. గేములోని ప్రోగ్రాము ఈ లెక్కలు కట్టి రెండు చెవులకు రెండు ధ్వనులు పంపితే చాలు. మామూలు స్టీరియో హెడ్‌ఫోను దాన్ని చక్కగా అందిస్తుంది. డబ్బా మీద 7.1 అని వున్న చాలా హెడ్‌సెట్లలో లోపలున్నవి కూడా రెండు స్పీకర్లే.

తర్వాత ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా అన్నది. 1968లో సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డి 414 అనే హెడ్‌ఫోను తెచ్చింది. ఓపెన్ బ్యాక్‌లో అదే మొదటిది. వెనక మూత మూసెయ్యకుండా జాలీ పెట్టారు. గాలి ఆడుతుంది, చెవి ఉక్కపోయదు, ధ్వని కూడా తలలో ఇరుక్కున్నట్టుగాక బయట ఎక్కడో వున్నట్టుంటుంది. గంటల తరబడి ఆడేవాళ్ళకు ఇదే మేలని తెలిసినవాళ్ళంతా రాస్తారు. నిజమే. కానీ వాళ్ళు రాసేది చల్లటి, చప్పుడు లేని గదుల్లో కూర్చుని. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మన గదిలో నెత్తి మీద ఫ్యాను, కిటికీలో ఇనుప కూలరు. ఆ కూలరు మోత జాలీలోంచి నేరుగా చెవిలోకి వస్తుంది. దాన్ని మించి వినాలని మనం వాల్యూము పెంచుతాం. కథ మళ్ళీ మొదటికి! పోనీ క్లోజ్డ్ బ్యాక్ పెడదామంటే మోత ఆగుతుంది, చెమట ఆగదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా రూమ్మేటు క్లోజ్డ్ బ్యాక్‌నే మెచ్చుకుంటాడు. వాళ్ళ ఊరి చలికాలంలో మఫ్లరు ఖర్చు కూడా కలిసొస్తుందట.

నేను చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, ఓపెన్ బ్యాకే వాడతాను. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కూలరును గది ఆ చివరకు జరిపి, చిన్న స్పీడులో పెట్టి, గంటకు మించి ఆడను. కూలరు జోరుగా తిరిగితే ఆ రోజు ఆట లేదు. ముఖమల్ గుడ్డలాంటి మెత్తలున్నవే చూసుకోండి. తోలు రకం మన చెమటకు ఆగదు.

బరువు గురించి దుకాణంవాడు చెప్పడు. సెన్‌హైజర్ హెచ్‌డి 600 తీగ లేకుండా 260 గ్రాములు. బెయర్‌డైనమిక్ డిటి 990 ప్రో 250 గ్రాములు. ఆడీజ్ వాళ్ళ పెద్ద రకాలు ఐదారు వందల గ్రాములుంటాయి. పాటకు అద్భుతమంటారు గానీ నాలుగు గంటలకు మెడ చెప్తుంది నిజం. బరువొక్కటే కూడా కాదు, అది ఎక్కడ ఆనుతుందన్నది చూడాలి. బిందె కింద ఆడవాళ్ళు చుట్టబట్ట ఎందుకు పెట్టుకుంటారు? బరువు ఒక్కచోట నొక్కకుండా చుట్టూ పంచడానికే గదా! తల మీది పట్టీకీ, చెవుల మెత్తలకూ అదే సూత్రం. కళ్ళద్దాలున్నవాళ్ళు మరీ జాగ్రత్త. నొక్కుడు ఎక్కువైతే అద్దాల కాడ చెవి మీద కోతపెడుతుంది.

యాంప్లిఫయరు కొనాలా అని జూనియర్లు అడుగుతుంటారు. హెచ్‌డి 600 ఇంపీడెన్సు 300 ఓమ్‌లు, అందుకని భయపెడతారు. ఫిజిక్సు విద్యార్థులం, లెక్క వేద్దాం. ఒక వోల్టు ఇస్తే అది 97 డెసిబెల్ మోగుతుంది. మనకు కావలసింది 80 లోపు. 17 డెసిబెల్ తగ్గాలంటే వోల్టేజి ఏడో వంతు చాలు, అంటే సుమారు 0.14 వోల్టు. మామూలు కంప్యూటరు ఇచ్చేస్తుంది. చెవులు కాపాడుకునేవాడికి యాంప్లిఫయరు ఖర్చు తప్పినట్టే! మైకు మాత్రం వీటికి వుండదు. కాలరుకు పెట్టుకునేది విడిగా కొనుక్కోవాలి.

అన్నట్టు, ఇలాంటి హెడ్‌ఫోనులమ్మే సెన్‌హైజర్ వ్యాపార విభాగాన్ని 2022లో కొన్నదెవరో తెలుసా? సోనోవా అనే స్విట్జర్లాండ్ కంపెనీ. వాళ్ళ ప్రధాన వ్యాపారం వినికిడి యంత్రాలు. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఇక పైసల మాట. నేను కొన్నది పదహారు వేలైంది. పేరు చెప్తే ప్రకటన అవుతుంది. ఎండకాలం వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకాలు రాసి సంపాదించినవి సగం, మిగతావి బాపు ఇచ్చాడు. ధర వినగానే "గీ చెవి డొప్పలకు రెండు కింటాళ్ళ పత్తి పైసలా బిడ్డా?" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. తేమ పేరు చెప్పి కోత పెట్టకుండా ఇస్తే రెండు క్వింటాళ్ళకు అంతే వస్తుంది. ఆ రెండు క్వింటాళ్ళు ఏరడానికి ఎన్ని చేతులు గీరుకుపోతాయో నాకు తెలుసు. కాబట్టి ఇది చౌక అని ఎవరికీ చెప్పలేను. కానీ ఏడాదికొకటి చొప్పున విరిగిపోయే రెండున్నర వేల హెడ్‌సెట్లు ఆరేడు కొన్నా ఇదే ఖర్చు. బాపే ఒక మాట అంటుంటాడు, స్పేర్లు దొరికే మోటరే కొనాలని. మెత్తలూ, తీగా విడిగా దొరికి మనమే మార్చుకోగలిగే రకం చూసి కొన్నాను. బ్యాటరీ వున్న రకాల జోలికి పోలేదు.

కొన్న వారానికి బాపు తలకు పెట్టి చూశాను. గేములో రాళ్ళ మీద ఎవరో నడిచి వస్తున్నారు. నాకైతే ఇసుక నలిగిన చప్పుడు కూడా తెలిసే చోటు అది.

"ఏం సప్పుడురా?" అన్నాడు.

"ఎవలో నడిచొస్తున్నరు బాపూ, ఎడమ దిక్కు నుంచి."

కాసేపు అట్లాగే కూర్చున్నాడు. "నాకు ఇనబడ్తలేదు" అని, వాటిని తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టాడు. నేను వాల్యూము పెంచుదామని చెయ్యి చాచి, మానుకున్నాను.

మిత్రులారా, మన ఊళ్ళలో ఈ రకం హెడ్‌ఫోనులు పెట్టుకుని చూసి కొనే వీలు తక్కువ. తెప్పించుకోవలసిందే. వాపసు తీసుకునే గడువు వున్న చోటే తెప్పించండి. వచ్చిన మొదటి రోజు గేమూ వద్దు, పాటా వద్దు. కళ్ళద్దాలతో సహా తలకు పెట్టుకుని, ఫ్యాను వేసుకుని, రెండు గంటలు ప్రాక్టికల్ రికార్డు రాసుకోండి. చెవి మండినా, నడినెత్తి నొచ్చినా మర్నాడే వాపసు. నేను అట్లాగే చేశాను. మొదటిది వాపసు పోయింది, రెండోది నిలిచింది, ఆప్టిక్స్ రికార్డులో నాలుగు ప్రయోగాలు పూర్తయ్యాయి.