ఆ ఆటకి సెలక్షనెవుడు చేస్తాడు మావా?

మొన్న సెలవులకి ఊరెళ్ళాను. మాది పలాస నుంచి సముద్రం వైపు పోతే వజ్రపుకొత్తూరు మండలంలో, ఉద్దానం తోటల మధ్యనున్న ఓ చిన్న ఊరు. రైలు తెల్లారగట్ట పలాసలో దింపేసింది. కాశీబుగ్గలో టీ తాగి ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి మా అప్ప కొడుకు చెమటలు కక్కుతూ అరుగు మీద కూర్చునున్నాడు. వాడు అగ్నివీర్‌కి తయారవుతున్నాడు. రోజూ నాలుగున్నరకి లేచి, చీకట్లోనే బీచి రోడ్డు మీద పరిగెడతాడు. మా జిల్లాలో ఇది కొత్తేం కాదు, వీధికొక సైనికుడున్న ఊళ్ళు చాలానే ఉన్నాయి.

రాత్రి అన్నాలయ్యాక వాడు ఫోనులో ఓ రీలు చూపించాడు. ఆకుపచ్చ గడ్డి మీద టోపీ పెట్టుకున్న కుర్రాడు బంతిని చాలా దూరం నుంచి కన్నంలోకి దొర్లించేశాడు.

"మావా, ఈడు తెలుగోడేనంట, నిజమేటి?"

"నిజమేరా. తీగల సాహిత్. పుట్టింది కాలిఫోర్నియాలో, అమ్మానాన్నలది హైదరాబాదు."

"మరి ఈడ్ని ఆ ఆటకి సెలక్షనెవుడు చేస్తాడు?"

మంచి ప్రశ్న అడిగాడనిపించింది. వాడికి తెలిసిన ఆటల్లో ఎక్కడో ఒక కమిటీ ఉంటుంది, అందులో ఒక పెద్దమనిషి ఉంటాడు, ఆయనకి మనం తెలియాలి. లేదా ఆయనకి తెలిసినవాళ్ళకి తెలియాలి. యూఎస్ ఓపెన్‌కి సెలక్టర్లు లేరని చెప్తే వాడు నమ్మలేదు. ఈ టపా వాడికి చెప్పిన సమాధానమే, కాస్త పొడిగించి. గోల్ఫ్ అనగానే పేజీ మూసెయ్యకండి బాబూ, చివరికి మన ఉద్యోగాల సంగతికే వస్తాను :)

గోల్ఫులో మేజర్లు నాలుగు. మాస్టర్స్, పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, బ్రిటన్‌లో జరిగే ది ఓపెన్. వీటిల్లోకి వెళ్ళే దారులు ఒక్కలా ఉండవు. మాస్టర్స్ పెళ్ళి శుభలేఖ లాంటిది. పిలిస్తేనే వెళ్ళాలి. ఒకసారి గెలిచినవాడికి జీవితాంతం పిలుపు ఉంటుంది, ఏడాది చివర ప్రపంచ ర్యాంకుల్లో మొదటి యాభై మందిలో ఉన్నవాళ్ళకీ ఉంటుంది. అంతా కలిపి తొంభై మంది అటూ ఇటూ. పీజీఏ చాంపియన్‌షిప్‌లో 20 చోట్లు క్లబ్బుల్లో ఆట నేర్పే కోచ్‌లకి కేటాయించారు. వాళ్ళలో వాళ్ళు పోటీ పడి ఆ 20 సంపాదించుకోవాలి. 2023లో అలా వచ్చిన మైకేల్ బ్లాక్ అనే క్లబ్బు కోచ్ ఆఖరి రోజు రోరీ మెకిల్‌రాయ్ పక్కన ఆడుతూ ఒకే దెబ్బకి బంతిని కన్నంలో వేశాడు. 15వ స్థానంలో నిలిచి తర్వాతి ఏడాదికి కూడా చోటు దక్కించుకున్నాడు.

యూఎస్ ఓపెన్ దారి వేరు. 156 మంది ఆడతారు. అందులో సగం దగ్గర దగ్గర ముందే ఖాయం. గత పదేళ్ళలో ఈ పోటీ గెలిచినవాళ్ళు, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి అరవై మంది, ఇంకా అలాంటి వాళ్ళు. మిగతా సగానికి ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రొఫెషనల్ అయినా సరే, హ్యాండిక్యాప్ 0.4కి మించని అమెచ్యూర్ అయినా సరే. హ్యాండిక్యాప్ అంటే మామూలుగా మనం కోర్సు లెక్క కంటే ఎన్ని దెబ్బలు ఎక్కువ కొడతామో చెప్పే అంకె. 0.4 అంటే ఇంచుమించు లెక్కకి సరిగ్గా ఆడేవాడని. ఫీజు కట్టాలి. అంతే. నువ్వెవరి అబ్బాయివని గానీ, ఏ క్లబ్బువని గానీ ఎవరూ అడగరు.

2025లో ఇలా పేరిచ్చినవాళ్ళు 10,202 మంది, అదప్పటికి రికార్డు. ముందు నూటికి పైగా ఊళ్ళలో లోకల్ క్వాలిఫయింగ్, ఒక్క రోజు, 18 కన్నాలు. అందులో నెగ్గినవాళ్ళు ఐదొందల పైచిలుకు. వాళ్ళకి నేరుగా ఈ రౌండుకే వచ్చిన కొందరు తోడై ఫైనల్ క్వాలిఫయింగ్ ఆడతారు. ఒకే రోజులో 36 కన్నాలు, పొద్దున్న మొదలెడితే చీకటి పడేదాకా. అమెరికాలో పది చోట్ల, కెనడా, ఇంగ్లండు, జపాన్‌లలో ఒక్కో చోట. సమానమైతే అప్పటికప్పుడు ప్లేఆఫ్. చివర్లో బోర్డు మీద అంకెలు చూసుకుని ఇంటికెళ్ళేవాడు ఇంటికి, ఓపెన్‌కెళ్ళేవాడు ఓపెన్‌కి.

ఇది ఊరికే అందరికీ అవకాశం ఇచ్చామని చెప్పుకోడానికి పెట్టిన తతంగం కాదు. 1964లో కెన్ వెంచురీ, 1969లో ఆర్విల్ మూడీ రెండు మెట్లూ ఎక్కొచ్చి మరీ ట్రోఫీ పట్టుకెళ్ళారు. 2005లో మైకేల్ క్యాంప్‌బెల్, 2009లో లూకస్ గ్లోవర్ ఆఖరి క్వాలిఫయింగ్ గుండా వచ్చి గెలిచారు. మామూలు టోర్నీల సంగతికొస్తే మన అర్జున్ అత్వాల్ 2010లో విండమ్ చాంపియన్‌షిప్‌కి సోమవారం క్వాలిఫయింగ్ ఆడి వచ్చాడు, ఆదివారానికి గెలిచాడు. పీజీఏ టూర్‌లో గెలిచిన మొదటి భారతీయుడతనే. సోమవారం నాడు అతనికి టోర్నీలో చోటే లేదు!

"ఏటి మావా, ఎవుడైనా అప్లై చేసీవచ్చా? ఆటే రానోడు కూడా?"

అదీ జరిగింది. 1976లో ఇంగ్లండులో మారిస్ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే క్రేన్ ఆపరేటరు, అంతకుముందు పూర్తిగా ఒక్క ఆట కూడా ఆడనివాడు, ప్రొఫెషనల్‌నని రాసేసి ది ఓపెన్ క్వాలిఫయింగ్‌కి వెళ్ళాడు. 121 దెబ్బలు కొట్టాడు, లెక్క కన్నా 49 ఎక్కువ. నిర్వాహకులకి తల కొట్టేసినట్టయ్యింది. రూల్సు గట్టిగా బిగించారు. మా వాడు పడీ పడీ నవ్వాడు. కానీ చూడండి, ఆ క్రేన్ ఆపరేటరుని ఆటలోంచి బయటకి పంపింది కూడా అతని స్కోరే.

ఓపెన్ అనే పేరు ఊరికే రాలేదు. 1860లో స్కాట్లాండులో మొదటి పోటీకి వచ్చింది ఎనిమిది మంది ప్రొఫెషనల్సే. మరుసటేడాది తలుపు అందరికీ తెరిచారు. అలా తెరిచుంచడం కూడా తేలిగ్గా అవలేదు. 1896 యూఎస్ ఓపెన్‌లో జాన్ షిప్పెన్ అనే నల్లజాతి కుర్రాడు, ఆస్కార్ బన్ అనే షినకాక్ తెగ కుర్రాడు ఆడతామంటే మిగతా ఆటగాళ్ళు మేం ఆడమని అలిగారు. మీరంతా వెళ్ళిపోయినా వాళ్ళిద్దరితోనే పోటీ పెడతాం అన్నాడు అప్పటి అధ్యక్షుడు థియొడోర్ హేవ్‌మయర్. పోటీ జరిగింది. అదే దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం మాత్రం 1934 నుంచి 1961 దాకా తెల్లవాళ్ళకే సభ్యత్వమని నిబంధన పెట్టుకుని కూర్చుంది. అంటే తలుపు దానంతటది తెరుచుకుని ఉండదు. ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టాలి.

సాహిత్ సంగతికి వద్దాం. 2017లో కాలేజీలో చదువుతుండగానే క్వాలిఫయింగ్ ఆడి యూఎస్ ఓపెన్‌కి చేరాడు. రెండ్రోజులాడి, కట్ దాటలేక వెనక్కొచ్చాడు. తర్వాత మణికట్టుకి ఆపరేషను, ఒక సీజను మొత్తం పోయింది. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫులోని మూడు పెద్ద అవార్డులూ ఒకే ఏడాది కొట్టి ప్రొఫెషనల్ అయ్యేసరికి కోవిడ్. టూర్‌లోకి చేర్చే క్వాలిఫయింగ్ స్కూలు ఆ ఏడాది రద్దు. (మన ఆఫర్ లెటరొచ్చాక జాయినింగ్ డేటు వాయిదా పడ్డట్టు!) 2021లో కింది స్థాయి టూర్ ఫైనల్స్‌లో ఆడి పీజీఏ టూర్ కార్డు సంపాదించాడు. 2023లో మాస్టర్స్‌కి మొదటిసారి వెళ్ళి తొమ్మిదో స్థానంలో సమానంగా నిలిచాడు, అదే సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు.

నాకు వాటన్నిటికంటే నచ్చింది 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో మూడో రోజు సంగతి. ఇసక గుంటలోంచి కొట్టేటప్పుడు బ్యాటు వెనక్కి ఎత్తుతుంటే నాలుగు ఇసక రేణువులు కదిలాయి. ఎవరూ అడక్కముందే సాహితే రిఫరీని పిలిచి చెప్పి రెండు దెబ్బల శిక్ష వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం వచ్చింది. రెండో స్థానంలో ఉన్నవాడికి సరిగ్గా రెండు దెబ్బలే తేడా. ఆ నాలుగు రేణువుల ఖరీదు లక్షల డాలర్లు. అంకె ఒక్కటే అన్నీ తేల్చే చోట ఆ అంకె నిజమై ఉండాలి, లేకపోతే మొత్తం కూలిపోతుంది. ఫేక్ ఎక్స్‌పీరియన్సు రెజ్యూమేలు చూసి చూసి ఉన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

మా అప్ప పెళ్ళికి ముందు కొన్నాళ్ళు జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగుకి వెళ్ళేది. ఈ గొడవంతా విని, "మా పప్పు గ్రేడింగు లాంటిదే గదరా" అంది. డబ్ల్యూ 180 అంటే పౌనుకి 180 పప్పులు తూగే పెద్ద రకం, 320 అంటే చిన్నవి. బద్దలు వేరు, ముక్కలు వేరు. ఏ రైతు తోటలో కాసిందని పప్పుని ఎవరూ అడగరు. నేను మూడు పేరాల్లో చెప్పింది తను ఒక్క ముక్కలో చెప్పేసింది.

కానీ ఇక్కడే అసలు తిరకాసుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఊళ్ళ జీడి, కొబ్బరి చెట్లని వేళ్ళతో సహా పెకలించేసింది. చెట్టే లేకపోయాక గ్రేడింగు ఎంత నిజాయితీగా జరిగితే మాత్రం ఏం లాభం? యూఎస్ ఓపెన్ ఆఖరి తలుపు అందరికీ తెరిచే ఉంది, ఒప్పుకుంటాను. మరి 0.4 హ్యాండిక్యాప్ దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది, ఎంత డబ్బు కావాలి? మా జిల్లా కుర్రాడు గోల్ఫ్ కర్ర ముట్టుకోవాలంటే దగ్గర్లో దగ్గర విశాఖపట్నం పోవాలి. ఇండియాలో కూడా క్యాడీలుగా బ్యాగులు మోసి ఆట నేర్చుకున్నవాళ్ళున్నారు. ఢిల్లీ క్యాడీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కానీ మోయడానికైనా పక్కన ఒక కోర్సుండాలి కదా.

అలాగని ఉద్దానంలో గోల్ఫ్ కోర్సు కట్టమంటానా? అస్సలు అనను. కిడ్నీ జబ్బుతో ఇంటికొకరిని పోగొట్టుకున్న ఊళ్ళున్న చోట, తాగే నీళ్ళు హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చుకుంటున్న చోట, గడ్డికి రోజూ లక్షల లీటర్లు పొయ్యడం పాపం. మనం తెచ్చుకోవాల్సింది ఆటని కాదు, ఆ పద్ధతిని. దానికి మా జిల్లాలోనే రుజువుంది. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. ఊళ్ళోనే నీలంశెట్టి అప్పన్న గారు నేర్పారు. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇనుముకి సిఫార్సు తెలీదు, లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు. ఊరి దగ్గర ఒక మంచి గురువు, బరువులు, ఆ తర్వాత అంకె మాత్రమే అడిగే పోటీ. మొదటి తలుపూ ఆఖరి తలుపూ రెండూ తెరిచుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మన ఉద్యోగాల సంగతి. నేను చదివిన కాలేజీకి క్యాంపస్ అంటూ ఏ కంపెనీ రాలేదు. 2004లో బెంగుళూరులో ఒక వాకిన్‌కి వెళ్ళాను. గేటు నుంచి వీధి మలుపు దాకా లైను. రాతపరీక్ష పేపరు మీద కాలేజీ పేరుకి గడే లేదు, నంబరు మాత్రమే. ఆ గడి ఉండుంటే ఈ టపా రాయడానికి నేనిక్కడ ఉండేవాణ్ణి కాదేమో. క్యాంపస్ సెలక్షన్ మినహాయింపుల జాబితా అనుకుంటే వాకిన్ మన లోకల్ క్వాలిఫయింగ్. మరిప్పుడు? రిఫరల్ లేని రెజ్యూమే మనిషి కంట పడేలోపే ఏదో సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పడేస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది మనమే, ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటున్నదీ మనమే. మన వెనక తలుపు మూసింది ఎవరో కాదు.

మినహాయింపులు తప్పని నేననను. ర్యాంకులో ఉన్నవాడిని మళ్ళీ మొదటి మెట్టు నుంచి రమ్మనడం అన్యాయమే. నేనడిగేది కొన్ని చోట్లు. పదిలో రెండయినా సరే, కాలేజీ పేరు, రిఫరల్ అడక్కుండా ఒక పరీక్ష పెట్టి, అంకె చూసి ఇచ్చే చోట్లు. పది వేల మందిలో తొమ్మిది వేల తొమ్మిది వందల పైచిలుకు మంది ఓడిపోతారు, నిజమే. కానీ ఓడిపోయినవాడికి ఎన్ని దెబ్బల తేడాతో పోయిందో తెలుస్తుంది. మళ్ళీ ఏడాది ఏం చెయ్యాలో తెలుస్తుంది. సిఫార్సు లేక ఓడినవాడికి ఏమీ తెలీదు, కడుపుమంట తప్ప.

మర్నాడు నాలుగున్నరకి మేనల్లుడితో పాటు నేనూ లేచాను. వాడు మైలు పరుగు పెడుతుంటే నేను ఫోనులో టైము పట్టుకున్నాను. 2023 నుంచి అగ్నివీర్‌కి ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది గట్టెక్కితేనే పరుగు. "పరుగుకి భయం లేదు మావా, ఆ కంప్యూటరు పరీక్షకే," అన్నాడు రొప్పుతూ. వాడి మొదటి తలుపు అక్కడుందన్నమాట. వీధికో సైనికుడున్న ఊరే గానీ, ప్రాక్టీసు చేసుకోడానికి ఊళ్ళో ఒక్క కంప్యూటరు లేదు.

నా పాత లాప్‌టాప్ వాడికిచ్చేసి వచ్చాను. అదో పెద్ద గొప్ప అని కాదు, సమస్య దాంతో తీరదని నాకూ తెలుసు. మీ ప్యానెల్లో, మీ టీములో అలాంటి రెండు చోట్లు పెట్టడం వీలవుతుందా? ఆలోచించి చెప్పండి.